పట్టా చాంది పేరు మీద

జీపు గట్టు పక్కన ఆగగానే మంగయ్య పాసుబుక్కు కోసం పరుగెత్తాడు.

బొగ్గుబావిలో ముప్పై ఏళ్లు పనిచేసి దిగిపోయినప్పుడు చేతికొచ్చిన పీఎఫ్ డబ్బంతా ఈ రెండెకరాల్లోనే పెట్టాడు. బూర్గంపాడు ఏజెన్సీలో గిరిజనులు కానివాళ్లు భూమి కొనకూడదు. అందుకని తండాలోని చాంది పేరు మీద పట్టా చేయించాడు. ఆ పొలంలోకే ఆమెను రోజుకూలికి పిలుస్తున్నాడు.

ఎమ్మార్వో దిగేలోపే పాసుబుక్కు తెచ్చి, నాటు వేస్తున్న చాంది చేతిలో పెట్టాడు.

"భూమి ఎవరిదమ్మా?" అని అడిగాడు ఎమ్మార్వో. "భయపడకుండ చెప్పు. పేరు నీది, పైసలు ఇంకొకరివా?"

ఆమె నిజం చెబితే భూమి సర్కారు తీసేసుకుంటుంది.

చాంది నడుము నిటారుగా చేసి నిలబడింది. "నాదే సారూ."

"మరి ఈయన ఎవరు?"

"కూలికొచ్చిండు."

ఎమ్మార్వో పాసుబుక్కు చూసి, తిరిగి ఆమెకే ఇచ్చి వెళ్లిపోయాడు. జీపు మలుపు తిరిగాక మంగయ్య పగలబడి నవ్వాడు.

"బతికించినవ్ చాందీ! కూలికొచ్చిండట! ఏం చెప్పినవే! ఏదీ, బుక్కు ఇటియ్యి."

చాంది బుక్కును నడుముకు దోపుకుంది. ఒక నారుకట్ట తీసి అతని చేతిలో పెట్టింది.

మంగయ్య నవ్వు ఆగిపోయింది. జీపు వెళ్లిన దారి వైపు చూశాడు. వెనక్కి పిలిచి ఏమని చెప్పాలి?

"చెప్పులిడిచి దిగు మంగయ్యా," అంది చాంది. "నాటు నీకు కొత్త గదా, ఇయ్యాలకు ఆడకూలే ఇస్త."