ఎనిమిదిసార్లు పడ్డ డ్రోను

"మళ్లీ పడిందా?" బడి నుంచి ఇంటికి పంపిన పేపరు దిద్దుతూ, తలెత్తకుండానే అడిగింది లెక్కల టీచరు.

గుమ్మంలో రిమోటు పట్టుకుని నిలబడ్డాడు భర్త. ఊరందరికీ కళ్లజోళ్లు అమర్చే మనిషి, ఇప్పుడు నేలచూపులు చూస్తున్నాడు.

"గాలి ఎక్కువైంది. నీళ్లట్యాంకు దగ్గరెక్కడో పడింది."

ఎర్రపెన్ను బల్ల మీద పడేసిందామె. రెండు నెలల్లో ఇది ఏడోసారి. మొదట వీధి మలుపులో పడింది. తర్వాత పాలబూత్ వెనక, ఆ తర్వాత పార్కులో. పోయిన వారం ఏకంగా బడి దాటి పోయింది.

"సరదాకి ఎగరేసుకునేవాళ్లకి అంత ఖరీదైంది దేనికండీ? ఏ బొమ్మల దుకాణంలోదో కొనుక్కుంటే పోయేదిగా."

"చవకవి మాట వినవు. దీన్ని ఎక్కడికి పొమ్మంటే అక్కడికే పోతుంది."

"చూస్తున్నాగా, ఎంత బాగా వింటోందో."

ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఎప్పట్లాగే కాస్త తోడు రా. గడ్డిలో నా చూపు ఆనదు."

ఆమెకు ఒళ్లు మండింది. మోకాలి ఆపరేషనై ఐదు నెలలు. నొప్పి పోయినా, కాలు కింద పెట్టాలంటే గుండె ఝల్లుమంటోంది. ఇంటికొచ్చి వ్యాయామం చేయించే అమ్మాయితో పోట్లాడి పంపేసింది. ఇక బడికి వెళ్లలేనని రాజీనామా కూడా రాసి పెట్టుకుంది. ఇంట్లో మనిషి ఇలా ఉంటే ఈయనకి డ్రోను తప్ప లోకం లేదు.

అలాగని వదిలేస్తే ఈయన చీకటిపడేదాకా అక్కడే తచ్చాడతాడు. సణుక్కుంటూనే చెప్పులు వేసుకుంది.

దారి పొడుగునా తిడుతూనే ఉంది. ఆయన ఊఁ కొడుతూ పక్కనే నడిచాడు. చివరికి గడ్డిలో దాన్ని కనిపెట్టింది కూడా ఆమే.

"ఒక్క గీతైనా పడలేదేంటి?"

"గట్టి సరుకు. మరి ఊరికే అంత ఖరీదా?"

నాలుగు రోజులు తిరక్కుండా రైలు వంతెన దగ్గర ఎనిమిదోసారి పడింది. ఆ సాయంత్రం ఆమె తిట్టలేదు. తిట్టే ఓపిక అయిపోయింది.

మర్నాడు ఆయన దుకాణానికి వెళ్లగానే డ్రోనుని సంచీలో కుక్కి, అది కొన్న షాపుకి బయల్దేరింది. ఆటో కోసం కూడా ఆగలేదు. షాపు రెండో అంతస్తులో ఉంది. లిఫ్టు పనిచేయడం లేదన్నారు. కోపంలో మెట్లన్నీ విసవిసా ఎక్కేసింది.

"దీన్ని వెనక్కి తీసుకోండి. ఎనిమిదిసార్లు పడింది. ఇలాంటి సరుకు అమ్మడానికి మీకు సిగ్గులేదా?"

మెకానిక్ నెమ్మదస్తుడు. కుర్చీ చూపించి, డ్రోనుని కంప్యూటరుకి తగిలించాడు. కాసేపు చూసి కళ్లజోడు సర్దుకున్నాడు.

"పడిందని ఎవరన్నారు మేడమ్?"

"మా ఆయన. ఎప్పుడూ గాలి, గాలి అంటారు."

"ఎగిరిన ప్రతిసారీ ఎలా దిగిందో దీనిలోనే రికార్డవుతుంది. ఇది ఒక్కసారి కూడా పడలేదు. గాలీ లేదు. అనుకున్న చోట మెల్లగా దింపారు. చేయి తిరిగిన మనిషి."

ఆమె మొహం ఎర్రబడింది. రెండు నెలలు తనని వెర్రిదాన్ని చేసి ఊరంతా తిప్పాడన్న మాట. ఇంటికి రానీ, చెబుతా.

"ఎక్కడెక్కడ దింపారో చూపించండి."

మెకానిక్ స్క్రీను ఆమె వైపు తిప్పాడు. మ్యాపు మీద వాళ్లింటి దగ్గర మొదలై ఎనిమిది ఎర్రచుక్కలు. పిల్లల పేపరు దిద్దే అలవాటుకొద్దీ వేలు పెట్టి ఇంటి నుంచి వాటి దూరాలు చదివింది. ఇంకోసారి చదివింది. మూడోసారి వేలు కదల్లేదు.

ఒక్కో చుక్కా అంతకుముందు దానికన్నా ఇంటికి సరిగ్గా వంద మీటర్లు ఎక్కువ దూరం.