కొయ్య కునుకు

రండి, ముందుకు జరగండి. ఆ వెనకాల గుసగుసలు ఆపండయ్యా. వక్క నమిలేవాళ్లు మింగనన్నా మింగండి, ఊయనన్నా ఊయండి. కొడవలూరు హజరత్తయ్య నెల్లూరికి పోయి కరెంటు బర్మా కొన్న కథ ఇది. అబద్ధమని తోస్తే ఆయన్నే అడగండి, ఇంతకు రెండింతలు చెప్తాడు.

ఆ పూట నాగుల్ మీరా నడిపే ఇనప సామాన్ల అంగడిలో హజరత్తయ్య బర్మాని తుపాకిలాగా ఎత్తి పట్టుకొని ఉన్నాడు. పక్కన భార్య మాలకొండమ్మ, చంకలో ఖాళీ గోతం.

"మీట నొక్కితే చాలన్నా, రెప్ప వేసేలోగా టేకులో బొక్క పడిపోద్ది" అన్నాడు నాగుల్ మీరా.

"ఇంతకన్నా చిన్నది ల్యా?" అంది మాలకొండమ్మ.

"చిన్నదెందుకే? నేనేమన్నా చీమలకు ముక్కులు కుడతానా?" అన్నాడు హజరత్తయ్య.

"బరువు జాస్తి. చెయ్యి పీకుద్ది."

"పీకితే నా చెయ్యి పీకుద్ది. నీకేంది నొప్పి?"

ఆమె చిన్నదాన్ని తీసి గోతంలో వేసింది. రంపం దగ్గరా అదే వరస. పళ్ల మీద బొటనవేలు ఆనించి చూసి, "పిడి లావు. సన్నది చూపించు మీరా" అంది.

"ఏందే నీ పెత్తనం?"

"మా పుట్టింటి పక్కనే బండ్ల కార్ఖానా ఉండ్లా?"

"పక్కింట్లో పాయసం కాస్తే నీ నోరు తీపెక్కిందా?"

నాగుల్ మీరా నవ్వు దాచుకోవడానికి మేకుల డబ్బాలో తల పెట్టాడు.

హజరత్తయ్య పుట్టుకతో సేద్యగాడు. వడ్రంగం ఆయన పిచ్చి. కొట్టంలో ఎద్దుల్ని ఓ మూలకు నెట్టి పనిచోటు పెట్టుకున్నాడు. ఊరికి కరెంటు వచ్చి రెండేళ్లు. కూతురు ఇందిరమ్మ ఈ మధ్యే ఆడపిల్లను కన్నది. బిడ్డను చూడవచ్చిన వియ్యంకుడు సంజీవరావు, హజరత్తయ్య చేసిన పీట మీదే కూర్చొని, "పీటలు ఎవరైనా చేస్తారు బావా. ఉయ్యాల కోవూరు నుంచి నేను పంపిస్తాలే" అన్నాడు.

హజరత్తయ్యకు కారం పూసినట్టయింది. "ఇరవై ఒకటో రోజుకి నా మనవరాలు నేను చేసిన ఉయ్యాల్లో పడుకోకపోతే, మళ్లీ ఉలి ముట్టను. ఒట్టు!" అనేశాడు. లోపల మాలకొండమ్మ చేతిలో గరిటె జారింది. ఉలి పట్టిన రోజునే ఆయన ఈల వేస్తాడు. మిగతా రోజుల్లో ఆకాశాన్నీ కాలవనీ తిడతాడు.

"గడువు దగ్గర్లోనే ఉంది గదన్నా, ఎట్టా చేస్తావు?" అడిగాడు నాగుల్ మీరా.

"నాకో రహస్యం తెలుసు మీరా. కొయ్యకు కునుకు కావాల. పొద్దున నేను కోసిన పలక పాములాగా ఉంటది. అన్నం తిని నేను పడుకుంటా, దాన్నీ పడుకోనిస్తా. లేచి చూస్తే దారం పట్టినట్టు ఉంటది. ఆవకాయ ఊరినట్టే కొయ్య కూడా ఊరాల!"

"ఈ మాట ఏ మేస్త్రీ చెప్పలేదే!"

"వాళ్లు పడుకుంటే గదా తెలిసేది!"

మాలకొండమ్మ కప్పుకు వేలాడే బొక్కెనల వైపు చూస్తూ నిలబడింది.

ఆయన నిద్ర కూడా ఆషామాషీది కాదు. గురక మొదలైతే, ఎక్కడో మోటారు వేశారనుకొని కూలీలు చేలోకి నీళ్ల మడవ తిప్పడానికి పరిగెత్తేవాళ్లు.

ఇంటికి రాగానే పని మొదలు. తొలి రోజు బర్మా పలకని దాటి, బల్లని దాటి, నేలలోకి దిగింది. నీళ్లు పడతాయేమోనని ఇరుగుపొరుగు బిందెలు తెచ్చుకున్నారు. అయినా కునుకు దయవల్ల రోజుకో పలక కుదురుతూ వచ్చింది. పంతొమ్మిదో రోజు పొద్దున పలకలన్నీ బిగించి, ఉయ్యాలని దూలానికి కట్టి, బిడ్డకు మారుగా గుమ్మడికాయ పడుకోబెట్టాడు. ఉయ్యాల ఒక పక్కకు ఒరిగింది. గుమ్మడికాయ జారి కిందపడి మూడు చెక్కలైంది.

హజరత్తయ్య ఆ చెక్కల పక్కనే కూలబడ్డాడు.

"అయిపోయిందే మాలకొండా. ఒట్టు ఒట్టే. సామాన్లన్నీ గోతంలో కట్టు, మీరాకి తిరిగిచ్చేస్తా."

"ముందు లేచి అన్నం తినయ్యా."

"నాకు సయించదు."

"గోంగూర చేసినా. తిని పడుకో. నీకంటే ఆ కొయ్య జాస్తి అలిసిపోయుంటది."

ఆ మాట ఆయనకు నచ్చింది. ఇంకో గరిటె నెయ్యి వేయించుకొని తిన్నాడు, పడుకున్నాడు. ఆ రోజు గురకకు కూలీలు రెండు మడవలు తిప్పారు.

లేచి కొట్టంలోకి పోతే ఉయ్యాల తక్కెడ ముల్లులాగా నిలబడి ఉంది. అంచులు వెన్నముద్ద. ఇంకో గుమ్మడికాయ వేశాడు. అది హాయిగా ఊగింది.

"మాలకొండా, చూశావా! కునుకు చేసే పని మనిషి చెయ్యలేడు!"

"అవునయ్యా" అంది ఆమె, కొంగుతో ముఖం తుడుచుకుంటూ. ఆయన ఈల అందుకున్నాడు. ఆమె వింటూ గడపలోనే కూర్చుండిపోయింది.

ఇరవై ఒకటో రోజు ఇల్లు నిండింది. సంజీవరావు ఉయ్యాలని తడిమాడు, తట్టాడు, కిందికి దూరి చూశాడు. తప్పు దొరకలేదు.

"ఓడిపోయినా బావా. ఈ చేతులకు కడియాలు తొడగాల" అన్నాడు.

"చేతులదేముంది బావా! అంతా కునుకులో ఉంది" అని హజరత్తయ్య మనవరాల్ని ఉయ్యాల్లో పడుకోబెట్టాడు. ఆడవాళ్లు పాట ఎత్తుకున్నారు. మాలకొండమ్మ హారతి పళ్లెం పట్టుకొని మొగుడి ముఖమే చూస్తూ ఉంది.

పాట అయిపోయి అందరూ ఊపిరి తీసుకుంటుంటే, పక్కింటి ముసలి మస్తానమ్మ గొంతెత్తింది.

"మాలకొండా, నీ మొగుడు గురకెత్తుకోంగానే ఆ బొక్కలేసే మిషను తిప్పబాక తల్లీ, మా బర్రె బెదిరి పాలు చేపటంల్యా!"