బాసర బండి

"చెయిను కడిగితే సాలదు వనితా. కార్బురేటర్ గూడ విప్పుడే!"

రేకుల షెడ్డులో పాత బండి ముందు కూర్చుని, వెంకటి చలికి బిగిసిన చేతులు రుద్దుకున్నాడు. ఆదివారం జిన్నింగు మిల్లుకు సెలవు. వసంత పంచమి దాకా ప్రతి ఆదివారం బండికేనని భార్యాభర్తలు అనుకున్నారు.

"ఇయ్యాల గీ రెండు పనులు. పై వారం బ్రేకులు, అటెన్క సీటు," అంది వనిత హుషారుగా. "మెత్తటి స్పాంజి ఏపియ్యాలె. గీ గట్టి సీటు మీద బాసర దాకా కూసోదు."

"కాళ్లు గూడ అందయి. ఫుట్‌రెస్టు జర మీదికి బిగిస్త."

పక్కింట్లో కొత్తగా దిగిన బాలమల్లు పానా ఇచ్చిపోదామని వచ్చి, అక్కడే ఆగాడు.

"గింత తిప్పలెందుకు తమ్మీ? బస్సుల పోరాదు?"

"బస్సెక్కితే కక్కుడే అన్నా. పోయినేడు గీ బండి మీదనే ఎల్లినం. నిర్మల్ ఘాట్ల ఆగి సచ్చింది. ముహూర్తం దాటిపాయె." వెంకటి గొంతు తగ్గింది. "ఇంటికొచ్చినంక రెండు రోజులు బువ్వ ముట్టలే. గీసారి గూడ తప్పిందంటే, ఇగ బాసర పేరే ఎత్తనియ్యదు."

"ఓహో, అక్షరాభ్యాసమా! అయితే పంతులు ఒళ్లె కూసోబెట్టుకోమంటడు, యాదుంచుకో."

వనిత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పకపకా నవ్వింది. "గా ముచ్చట జూడనీకైనా నేనూ రావాలె! కనీ ముగ్గురమైతే బండి మళ్ల మొరాయిస్తది."

గడప దగ్గర వెంకటి తల్లి కనకవ్వ డీజిల్ గిన్నెలో చెయిను ముంచి, బ్రష్షుతో ఒక్కో లింకూ తోముతోంది. బొటనవేలికి అంటిన నలుపును మాత్రం మాటిమాటికీ కొంగుతో రుద్దుకుంటోంది.

"అయితదా బిడ్డా? పంచమి దాకా అయితదా?" పొద్దుటి నుంచీ ఆమెది అదే మాట.

"అయితది అవ్వా. పరేషాన్ గాకు."

మధ్యాహ్నానికి కార్బురేటర్ మళ్లీ బిగిసింది. వెంకటి కిక్కు కొట్టాడు. బండి పలకలేదు. మళ్లీ కొట్టాడు. ఒకసారి దగ్గి ఊరుకుంది.

"చోక్ గుంజు!" అని అరిచింది వనిత.

ఈసారి ఇంజను అందుకుంది. షెడ్డంతా పొగ కమ్మింది, రేకులు దడదడలాడాయి. బాలమల్లు ఈల వేశాడు. కనకవ్వ నల్లటి చేతులతోనే చప్పట్లు కొట్టింది.

"ఆగుండ్రి, ఆగుండ్రి!" వనిత లోపలికి పరుగెత్తి, నిరుడు కొన్న పలక తెచ్చింది. అది ఇంకా కాగితంలోంచి బయటికి రాలేదు.

"ఏదీ, ఎవలికమ్మా?" అంటూ బాలమల్లు ఇంట్లోకి తొంగి చూశాడు. లోపల పిల్లల అలికిడి లేదు.

వెంకటి కాగితం చింపి, పలకను చొక్కాకు తుడిచి, తల్లి ఒళ్లో పెట్టాడు.

"అవ్వా, గీ పంచమికెల్లి నీ పేరు నువ్వే రాస్తవు!"