గాల్లో గొట్టం

“దించవయ్యా!” అని పెద్దసారు అరిచాడు.

“దించొద్దు బాబాయ్!” అని తనిఖీ అమ్మాయి అంతకన్నా గట్టిగా అరిచింది.

క్రేను బాబాయికి ఎవరి మాట వినాలో తోచలేదు. నలభై అడుగుల ఉక్కు గొట్టం, మనిషి దూరేంత లావుది, నేల మీద సున్నంతో గీసిన గుండ్రటి గుర్తుకి సరిగ్గా పైన వేలాడుతోంది. అక్కడ లేవబోయేది కాన్పుల ఆసుపత్రి. నేల మెత్తన కాబట్టి ఆరంతస్తుల బరువూ ఇలాంటి గొట్టాలే మోయాలి. సమ్మెట దెబ్బలు తిని ఒక్కసారి భూమిలోకి దిగాయంటే మళ్లీ వాటి మొహం చూసేవాడుండడు.

“ముందు మీరిద్దరూ ఒక మాట మీదికి రండి. అంతసేపు దీన్నెత్తుకుని జోకొట్టడం నావల్ల కాదు” అంటూ బాబాయ్ గొట్టాన్ని మెల్లగా పక్కనున్న దుంగల మీద పడుకోబెట్టి, దొర్లకుండా అడ్డు చెక్కలు పెట్టించాడు.

పెద్దసారు విసవిసా వచ్చాడు. ఆయన వెనకే గొట్టాలు అమ్మినాయన. ఎవరితోనైనా తియ్యతియ్యగా మాట్లాడతాడని పనివాళ్లు ఆయనకి పంచదార అని పేరు పెట్టుకున్నారు.

“ఏమ్మా, చేరి మూడు నెలలే అయింది. అప్పుడే నా పని ఆపేంతదానివయ్యావా?” అన్నాడు పెద్దసారు.

“ఇవి కొత్త గొట్టాలు కావు సార్.”

“ఎంతమాట చెల్లెమ్మా!” పంచదార తెగ నొచ్చుకున్నాడు. “ఇదిగో, ఫ్యాక్టరీవాళ్లు పరీక్ష చేసి ఇచ్చిన సర్టిఫికెట్లు. గొట్టం గొట్టానికీ నంబరుంది. ఎలా మెరుస్తున్నాయో నువ్వే చూడు.”

“ఆ మెరుపు రంగుది.” ఆమె జేబులోంచి తాళంచెవి తీసి గొట్టం మీద గీకింది. నల్లరంగు పెచ్చుపెచ్చుగా లేచొచ్చింది. దాని కింద చిన్న చిన్న గుంటలు, గుంటల నిండా తుప్పు. “సర్టిఫికెట్ ప్రకారం దీని వయసు రెండు నెలలు. నిన్నగాక మొన్న పుట్టినదానికి ఇంత ముదురు తుప్పా? మందం కొలిచే మిషను చోటుకో లెక్క చెబుతోంది. పైన పటారం, లోన లొటారం సార్.”

పనివాళ్లలో ఎవరో కిసుక్కున నవ్వారు. దాంతో పెద్దసారుకి మండింది.

“నాకే పాఠాలా? నీ వయసులో నేనూ ఈ తనిఖీ పనే చేశాను. గొట్టాన్ని ఒక్క చూపు చూసి దాని జాతకం చెప్పేవాణ్ణి. నేను చెబుతున్నా, ఇది బంగారం! వానలు నెత్తిమీదున్నాయి, నోరు మూసుకుని సరే అని రాయి. లేదంటావా, నీ ఉద్యోగం ఖాయం చేసే కాగితం నా బల్ల మీదే ఉంది. చింపి అవతల పారేస్తా.”

ఆమె ఒకసారి పెద్దసారు షెడ్డు వైపు చూసింది. ఆ కాగితం కోసమే మూడు నెలలుగా ఎండలో మాడి పనిచేసింది. కానీ రేపు ఈ గొట్టాల మీద నెలలు నిండిన ఆడవాళ్లు పడుకుంటారు, పక్కన పొత్తిళ్లలో బిడ్డలుంటారు.

“చింపండి సార్” అంది. “ఈలోగా నేను లోపల కూడా చూసొస్తాను. పైన రంగేసినవాడు లోపలంతా వేసుండడు.”

టార్చి వెలిగించుకుని, మోకాళ్ల మీద గొట్టంలోకి పాకింది.

“పాపం, ఎలుక తనే బోనులోకి దూరింది” అన్నాడు పంచదార.

రెండు నిమిషాలకు ఆమె బయటికొచ్చింది. మొహం నిండా తుప్పు, ఆ తుప్పులోంచి నవ్వు. అరుస్తుందనుకున్నారు అందరూ. ఆమె మాత్రం పెద్దసారు దగ్గరికెళ్లి టార్చి ఆయన చేతికిచ్చి నెమ్మదిగా చెప్పింది.

“దీని జాతకం మీరే చదవండి సార్. మీరొక్కరే.”

ఆయన సణుక్కుంటూ వంగి భుజాల దాకా గొట్టంలోకి దూరాడు. బయట నడుమూ బూట్లూ మాత్రం మిగిలాయి. విసుగ్గా నేలను తన్నుతున్న కుడికాలి బూటు ఉన్నట్టుండి ఆగిపోయింది.

నూతిలోంచి వచ్చినట్టు ఒక గొంతు వచ్చింది.

“లోడు మొత్తం వెనక్కి పంపండి.”

“సార్?” అన్నాడు పంచదార.

“ఒక్క గొట్టం కూడా ఇక్కడ ఉండటానికి వీల్లేదు!”

పెద్దసారు బయటికొచ్చి తేలుకుట్టిన దొంగలా ఎవరి మొహమూ చూడకుండా తన షెడ్డులోకి వెళ్లాడు. ఆ కాగితం తెచ్చి, అందరి ఎదుటా ఆ గొట్టం మీదే పరిచి సంతకం గీకి, ఆమె చేతిలో పెట్టాడు.

“ఇవాళ్టినుంచి ఈ సైటులో దించాలో వద్దో చెప్పేది ఈ మేడమ్. నేను కాదు.”

క్రేను బాబాయ్ హారన్ మీద నుంచి చెయ్యి తీయలేదు. పనివాళ్లు హెల్మెట్లు ఎగరేసి ఈలలు వేశారు. ఆమెకు ఒకపక్క కన్నీళ్లు, ఒకపక్క నవ్వు.

“ఇదెక్కడి అన్యాయం? అసలు లోపల ఏముందని?” పంచదార టార్చి లాక్కుని గొట్టంలోకి తొంగిచూశాడు.

తన మనుషుల చెయ్యి అందినంత మేరా నల్లరంగు నిగనిగలాడుతోంది. దానికి మూరెడు అవతల వెలిసిన ఎర్రరంగుతో పెద్ద ఇంటూ మార్కు, దాని పక్కన ‘పనికిరాదు’ అన్న మాట, పదిహేనేళ్ల కిందటి తేదీ, ఆ తేదీ కింద పెద్దసారు సంతకం, అచ్చం అమ్మాయి చేతిలోని కాగితం మీద ఇంకా తడి ఆరని సంతకంలాంటిదే.