ఆదివారం కోడి

"సంతకం పెట్టు పెద్దమ్మా, అయిపాయె," అంది కానిస్టేబుల్ నిరోష.

ఈదమ్మ ఫిర్యాదు కాగితం వైపు చూడలేదు. స్టేషన్ గోడవారన గొంతుక్కూర్చున్న గోపినే చూస్తోంది. తెల్లారగట్ల ఆమె తలుపు సందులోంచి జాబు తోస్తూ గస్తీ పోలీసులకు దొరికిపోయాడు వాడు.

ఏడాదిగా వస్తున్నాయి ఆ బెదిరింపు జాబులు. రాజోలి శివారులో పాత పంపుషెడ్డు ఉంది. ప్రతి ఆదివారం అక్కడ ఒక కోడిని కట్టేసి పోవాలి. లేకపోతే రాసినవాడు ఆమె గుట్టు బయటపెడతాడు. ఈదమ్మ కట్టేసింది. ఇంట్లో కోళ్లు అయిపోయాక సంతలో కొని మరీ కట్టేసింది.

ఆమె గడప తొక్కేవాళ్లు లేరు. ఫోన్ మోగదు. పత్తి చేలో కూలికి పోయినా అందరికంటే వెనక సాలు పట్టుకుంటుంది. జాబు వచ్చిన రోజు మాత్రం తలుపేసుకుని, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి మళ్లీ మళ్లీ చదువుకునేది. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తినేది. అది భయమో, మరేమిటో, తనను తాను ఎప్పుడూ అడుక్కోలేదు.

"ఇడిసిపెట్టుండ్రి సారూ. కోళ్లే గద, తిననియ్యుండ్రి."

"బెదిరించి కోడి గుంజినా, కోటి రూపాయలు గుంజినా నేరమే," అన్నాడు ఎస్సై అరవింద్. "వీడు జైలుకు పోవాల్సిందే."

"మరి జాబులు?"

నిరోషకు నవ్వాగలేదు. "జైల్ల కూసొని గూడ రాయమంటవా ఏంది?"

ఈదమ్మ లేచి వెళ్లి గోపి ముందు కూలబడింది.

"కొడకా, ఒక్క మాట చెప్పు. నువ్వు రాసింది నిజమేనా?"

వాడు తల వంచుకున్నాడు. "లేదు పెద్దమ్మా. నాకేం తెల్వదు. నువ్వు భయపడ్తవని ఉత్తగనే రాసిన."

"ఒట్టు?"

"జమ్ములమ్మ తల్లి మీద ఒట్టు."

"ఇంకేంది మరి, నీ నెత్తి మీది బరువు దిగిపాయె," అంది నిరోష.

ఈదమ్మ లేచి బల్ల దగ్గరికి వచ్చింది. పెన్ను అడిగి తీసుకుంది. సంతకం పెట్టింది. ఎస్సై మంచినీళ్లు తెప్పించాడు. ఆమె ముట్టుకోలేదు.

ఫిర్యాదుకు జతచేయడానికి ఎస్సై జాబు మడతలు విప్పాడు. ఏడాది పొడవునా వచ్చిన జాబులన్నిటిలోనూ ఉన్నది ఆ ఒక్క మాటే: "వరదల కొట్టుకపోయిండని చెప్పి పింఛన్ తింటున్నవ్ గని, నీ మొగడు బతికే ఉన్నడు, నా కండ్లతోని జూసిన, అందరికి చెప్పమంటవా?"