తేలు గుర్తు

ఇంకొంచెం దగ్గరికి జరగండి, ఇది గొంతెత్తి చెప్పే కథ కాదు.

అరవై తొమ్మిది, తెలంగాణ లొల్లి ముదిరిన వానాకాలం. కొడుకులు ఇల్లు విడిచిపోయిన తల్లులను జగిత్యాల ఠాణాకు పిలిపించారు. వాళ్లలో గొల్లపల్లి బాలవ్వ ఒకతె. ఎవరో పోలీసుల పాత మిలిటరీ తుపాకులు ఎత్తుకుపోయారనీ, దొరికినవాణ్ణి దొరికినచోటే కాల్చేస్తారనీ ఊళ్లన్నీ గుసగుసలు. బాలవ్వ కొడుకు జైపాల్ గోదావరి దాటి అడవి పట్టాడని ఎవరో చెప్పారు. దాటాడంటే బతికినట్టే అనుకుంది.

జమేదారు ఆగయ్య ఆమె ముందు ఒక ఇనుప ముక్క పెట్టాడు. తుపాకి బోల్టు అది.

"అవ్వా, గీ కిరీటం ముద్ర సీమ దొరల కార్ఖానాది. గా అచ్చరాలు మిలిటరోళ్లయి. మరి గీ తేలు ఎవలది? ఎవలో చేత్తోని చెక్కిండ్రు."

తోక ఎత్తిన తేలు, కింద మూడు చుక్కలు. బాలవ్వ చూడగానే పోల్చుకుంది. కోరుట్ల మరమ్మతు దుకాణంలో ఆకురాయి పట్టిన నాటి నుంచి జైపాల్ తాను చేసిన ప్రతి వస్తువు మీదా అదే చెక్కేవాడు. ఇంట్లో కత్తిపీట మీద అదే, తలుపు గొళ్లెం మీద అదే. వాడు చూసి నేర్చింది తల్లి చేతి మీది పచ్చబొట్టు.

ఆమె మెల్లగా కొంగును చేతి మీదికి లాక్కుంది.

"నాకెర్కలేదు సారూ."

"నీ కొడుకు తుపాకులు బాగుజేస్తడట గద?"

"సైకిళ్లు బాగుజేస్తడు. తుపాకి మొకమే ఎరగడు."

జమేదారు టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. కసరలేదు, కొట్టలేదు. "మల్లొక్కపారి సూడవ్వా, తొందరేం లేదు" అన్నాడు మెత్తగా. ఆ మెత్తదనానికే ఆమె ఎక్కువ బెదిరింది. ఇట్లాగే కదా తల్లుల నోటి నుంచి కొడుకుల పేర్లు లాగేది.

"దేవుని మీద ఒట్టు. గిది నా కొడుకు గుర్తు గాదు."

తర్వాత ఇంకో తల్లిని, సిరిసిల్ల సారక్కను అడిగాడు. ఆమెకూ తెలియదట. జమేదారు నిట్టూర్చి బోల్టును గుడ్డలో చుట్టేశాడు.

బయట తడిసిన చాప కప్పిన ఎడ్లబండి ఒకటి ఆగి ఉంది. బాలవ్వ దాని అంచుకే ఒరిగింది. బండివాణ్ణి ఇన్ని నీళ్లడిగి తాగింది. కొడుకును కాపాడుకున్నానన్న సంబరంలో, "పైలంగ ఉండు కొడుకా" అని తనలో తానే నవ్వుకుని ఇంటిదారి పట్టింది.

ఈ కథ ఎక్కడ చెప్పినా ఇది మాత్రం యాది పెట్టుకుని చెప్పండి: ఆ చాప కింద, గోదావరి బండలకు కొట్టుకుని మొహం చెదిరిన, మొలలో ఆ బోల్టు దొరికిన పిల్లవాణ్ణి అందరు తల్లులకూ చూపడానికి మనసొప్పని ఆ జమేదారు వెతికింది దొంగను కాదు, వాణ్ణి మట్టి చేయాల్సిన తల్లిని.