వాలని రెక్క

చీకటిపడి మూడు గంటలైంది. ఇంజను లేని గ్లైడరు అంతసేపు గాలిలో ఉండలేదని, వాటిని తాడుతో లాగి పైకెగరేసే యంత్రాన్ని ఇరవై ఏళ్లుగా నడుపుతున్న అన్నకు తెలియంది కాదు. అయినా గడ్డి మైదానం పొడుగునా లాంతర్లు పెట్టి, మెడ పట్టేసేదాకా తమ్ముడి కోసం ఆకాశంలోకే చూస్తూ నిలబడ్డాడు.

చివరికి సుయ్‌మని చప్పుడైంది. తమ్ముడి గ్లైడరు గడ్డి మీద జారుకుంటూ వచ్చి ఆగింది. అన్న పడుతూ లేస్తూ పరుగెత్తాడు. అద్దాల మూత వెనక తమ్ముడు కదిలాడు. పోయిన ప్రాణం లేచొచ్చింది.

అంతలోనే అడుగు ఆగిపోయింది. గ్లైడరుకు ఉన్నది ఒక్కటే చక్రం. ఆగాక ఏదో ఒక రెక్క నేలకు వాలాల్సిందే. ఇది వాలలేదు. ఎగరబోయే ముందు రెక్క కొస ఎవరైనా పట్టుకుని నిలబడితేనే అలా ఉంటుంది. అవతలి కొస చీకట్లో ఉంది.

"ఎవరది?" అన్నాడు. రెక్క కదల్లేదు.

"అన్నయ్యా, మూత రావట్లేదు," లోపల తమ్ముడు ఏడుస్తున్నాడు. "నీకు దణ్ణం పెడతా, మళ్లీ పైకి పంపకు."

"నేనెక్కడ పంపుతున్నానురా? నీ పక్కనే ఉన్నాగా," అంటూ అన్న గోళ్లు విరిగేలా మూత లాగాడు.

మైదానం అవతల తాడు లాగే యంత్రం తిరగడం మొదలైంది. అన్న జేబు తడుముకున్నాడు. దాని తాళంచెవి అక్కడే ఉంది.

గడ్డిలో, గ్లైడరు ముక్కుకు తగిలించి ఉన్న తాడు మెల్లగా బిగుసుకుంటోంది.